కుండీలోని మొక్కకు నీరెంత? ఎరువెంత?

పెరటిలోని వేపచెట్టు మే నెల ఎండలో కూడ పచ్చగా నిలిచియుండును. ఆ పెరటిలోనే మెట్ల ప్రక్కన కుండీలో నున్న మందారము రెండు దినములు నీరు లేనిచో తల వాల్చును. మందారము సుకుమారమైనదని మనము సరిపెట్టుకొందుము. కాని అసలు భేదము మొక్కలో కంటె వేరు నిలిచిన చోటులో నున్నది. నేలలోని వేరు తడి యున్న దిక్కునకు తానే వెదకుకొని పోగలదు. పై మట్టి ఎండినచో క్రిందికి దిగును. ఒక ప్రక్క సారము తీరినచో మరియొక ప్రక్కకు ప్రాకును. కుండీలోని వేరునకు ఆ స్వాతంత్ర్యము లేదు. జానెడు పోయిన తరువాత గోడ అడ్డము వచ్చును. మనము పోసిన నీరే దానికి వాన, మనము వేసిన ఎరువే దానికి భూసారము. మనము ఎక్కువ చేసినను, తక్కువ చేసినను తప్పించుకొనుటకు దానికి దారి లేదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో వేసవి వచ్చినదనగా ఈ విషయమునకు ప్రాముఖ్యము హెచ్చును. 2016 వ సంవత్సరము అక్టోబరు వరకు ఈ మూడును వరంగల్లు జిల్లాలో చేరియుండినవి. ఇప్పుడు మూడును వేరువేరు జిల్లాలకు ముఖ్యపట్టణములు. పట్టణములు పెరిగిన కొలదియు పెరళ్ళు తరిగి డాబాలు హెచ్చినవి. తులసి, కరివేపాకు, మల్లె, గులాబి మేడమీది కెక్కినవి. వాని వెంట టమాట, వంగ, మిరప, పాలకూర కూడ ఎక్కుచున్నవి. జనగామ మెట్టప్రాంతము. బిందెలు లెక్కించి నీరు వాడుకొనుట అచ్చటి గృహిణులకు తెలియని సంగతి కాదు. అట్టి యింటిలో కుండీలకు పోయు నీరు ఇంటి యవసరములనుండి మిగిల్చిన నీరే. అది వృథాగా కారిపోయినను బాధయే. చాలక, రెండేండ్లు పెంచిన కరివేపాకు ఒక వారములో మాడిపోయినను బాధయే.

ఇంతకును కుండీలలో మొక్కలు దాహముతో చచ్చుటకంటె అతినీటితో చచ్చుటయే తరచని తోటపని తెలిసినవారందరును చెప్పుదురు. "ఉదయమొక చెంబు, సాయంకాలమొక చెంబు" అను నియమమే దీనికి మూలము. గడియారము చూచి నీరు పోయుట మనకు సులభము. మొక్కకు మాత్రము గడియారముతో పని లేదు. దాని యవసరము కుండీ పరిమాణమును బట్టి, మట్టిని బట్టి, ఎండను బట్టి, ఆకుల సంఖ్యను బట్టి దినదినమును మారుచుండును.

నీరెక్కువైన మొక్క ఎందుకు చచ్చును? వేరు కూడ ఊపిరి పీల్చును. మట్టిరేణువుల నడుమనున్న సందులలో కొంత గాలియు, కొంత నీరును ఉండవలెను. సందులన్నియు నీటితోనే నిండి, అట్లే రోజులతరబడి నిలిచినచో వేరు ఊపిరాడక కుళ్ళును. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అప్పుడు మొక్క నీటిలో నిలిచియుండియే దాహముతో వాడును! ఆకులు వ్రేలాడుట చూచి ఇంటివారు మరియొక చెంబు పోయుదురు. దానితో మొక్క పని ముగియును. కావున ఆకు వాడగానే చెంబు నెత్తక, ముందు మట్టిని ముట్టి చూడవలెను. మట్టి తడిగా నుండి ఆకు వాడినచో నీరు మానుటయే వైద్యము.

ఇచ్చట ఒక చిన్న ప్రకృతి నియమము తెలిసికొనవలెను. ఉతికిన తువాలును పిండకుండ తీగపై వ్రేలాడదీయుడు. పైభాగము త్వరగా ఆరును. క్రింది అంచు మాత్రము చాలసేపటి వరకు తడిగానే యుండి, అచ్చట నీరు నిలిచియుండును. నీటిని భూమి క్రిందికి లాగుచుండగా బట్టలోని నూలు దానిని విడువక పట్టుకొనును. కుండీలోని మట్టియు నట్లే. ఎంత నీరు కారిపోయినను అడుగున కొన్ని అంగుళముల మట్టి తడిసి ముద్దగనే మిగులును. కుండీ లోతు తక్కువైనచో ఆ ముద్ద వేళ్ళను మరింత ముంచును. నీరు చక్కగా కారుటకు అడుగున గులకరాళ్ళు, ఇటుక ముక్కలు పరచు ఆచారము మనలో గట్టిగా నున్నది. కాని దానివలన అనుకొన్న ఫలము లేదు. మట్టిలోని నీరు సన్నని సందులను వదలి రాళ్ళ నడుమ పెద్ద సందులలోనికి సులభముగా దిగదు, రాళ్ళపైన నిలిచిపోవును. అనగా ముద్దగా నున్న పొర నాలుగు అంగుళములు పైకి జరిగి వేళ్ళకు మరింత దగ్గరగును. రంధ్రము మూసికొనిపోకుండ దానిపై ఒక్క పెంకుముక్కయో, వల ముక్కయో ఉంచిన చాలును. మిగిలిన చోటంతయు మట్టికే ఈయవలెను.

ఆ మట్టి యెట్టిదను ప్రశ్న నీటి ప్రశ్నకంటె ముందు వచ్చును. మన ప్రాంతము చెరువుల ప్రాంతము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును కాకతి గణపతిదేవుని సోదరి మైలమ కట్టించినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. 2015 లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకములో చెరువుల పూడిక త్రవ్వి పొలములకు తోలిరి. చెలకలలో ఆ మట్టి చల్లినచో తడి నిలుచుననియు, సారము పెరుగుననియు రైతులు ఎరుగుదురు. పొలమునకు మేలు చేసినది కుండీకిని మేలు చేయునని అదే మట్టిని కుండీనిండ నింపువారు కలరు. ఇది పొరపాటు. ఒండ్రు మట్టి రేణువులు మిక్కిలి సన్ననివి. కుండీలో అవి అణగి, తడిసినప్పుడు జిగురువలెను, ఎండినప్పుడు ఇటుకవలెను అగును. నల్లరేగడియు నంతే, ఎండినప్పుడు గోడనుండి విడివడి నెఱ్ఱెలు విచ్చును. చెలక మట్టి రెండు పాళ్ళు, బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపినది మన ఎండకు సరిపోవును. చెరువుమట్టిపై మక్కువ గలవారు చెలక మట్టిలో నాలుగవ వంతు మించకుండ దానిని కలుపుకొనవచ్చును. డాబాపై బరువు తగ్గింపదలచినచో ఇసుకకు బదులు కొబ్బరిపొట్టు వాడుదురు.

ఇక నీటి లెక్క. మూతి వెడల్పు పండ్రెండు అంగుళములు, ఎత్తు పండ్రెండు అంగుళములు గల సాధారణపు కుండీలో సుమారు 15 లీటర్ల మట్టి పట్టును. అందులో మొక్క పీల్చుకొనదగిన నీరు ఐదవ వంతు, అనగా 3 లీటర్లు నిలుచునని స్థూలముగా అనుకొనవచ్చును. మే నెలలో మన ప్రాంతమున వెడల్పైన తొట్టిలో నీరు పోసి ఆరుబయట ఉంచినచో ఒక దినములో సుమారు ఒక సెంటీమీటరు లోతు ఆవిరియై పోవును. ఆ లెక్కన ఈ కుండీ మూతి వైశాల్యమునకు ముప్పాతిక లీటరునకు కొంచెము తక్కువ పడును. ఆకులు కుండీ మూతిని దాటి విస్తరించిన మొక్క దీనికి రెండింతలు త్రాగును. అనగా దినమునకు లీటరునుండి లీటరున్నర. కుండీలోని నిలువ రెండు మూడు దినములకు మించి రాదు. అది పూర్తిగ తీరువరకు ఆగరాదు గనుక వేసవిలో ఈ కుండీకి దినమునకొకమారు, చలికాలములో రెండు మూడు దినముల కొకమారు నీరు కావలసియుండును.

ఇదే లెక్కను ఆరంగుళముల కుండీకి వేసి చూడుడు. కుండీ కొలతలు సగమైనవి. కాని మట్టి సగము కాలేదు, ఎనిమిదవ వంతైనది. ఎండ తగులు మూతి మాత్రము నాల్గవ వంతే అయినది. కావున చిన్న కుండీ పెద్దదానికంటె రెండింతల వేగముతో ఎండును. దినమునకు రెండు మారులు పోసినను మధ్యాహ్నమునకు వాడుచుండును. నలువది చిన్న కుండీలు త్రాగు నీటితో పది పెద్ద కుండీలు బ్రతుకును. అదియు దినమున కొక్కమారు పోసి. పది పెద్ద కుండీలకు ఎండకాలమున ఇంచుమించు ఒక బిందెడు నీరు. నీటికి ఇబ్బంది గల యింటివారు డబ్బాలు, సీసాలు, చిన్న గిన్నెలు అన్నింటిలోను మొక్కలు నాటుట మాని, కొలది పెద్ద కుండీలతో సరిపుచ్చుకొనుట మేలని నా యభిప్రాయము. మేడనిండ పచ్చగా కనబడవలెనను కోరిక సహజమే. ఆ కోరికను వానకాలమునకు వాయిదా వేసికొనవచ్చును.

ఈ లెక్క బాటసారికి మైలురాయి వంటిది మాత్రమే. ఏ కుండీకి ఏ దినమున కావలెనో తెలుపునది మన వ్రేలు. చూపుడు వ్రేలును రెండు కణుపుల వరకు మట్టిలోనికి గ్రుచ్చుడు. పైన పొడిగా నుండి లోపల చల్లగా తడి తగిలినచో ఆ దినమున నీరు అక్కరలేదు. రెండు కణుపుల లోతున కూడ పొడిగా నున్నచో పోయవలెను. పాలకూర, కొత్తిమీర వంటివాని వేళ్ళు పైననే యుండును గనుక ఒక కణుపు లోతు ఎండగనే పోయవలెను. కలబందకు కుండీ సగము లోతు ఎండువరకు ఆగవచ్చును. కదల్పగల కుండీలకు మరియొక పరీక్ష కలదు: నీరు పోసిన వెంటనే ఒకమారు ఎత్తి చూడుడు, ఎండిన దినమున మరల ఎత్తి చూడుడు. ఆ బరువుల భేదము చేతికి ఒకమారు అలవాటైనచో ఇక వ్రేలు గ్రుచ్చు పని కూడ నుండదు. మధ్యాహ్నము ఒంటిగంటకు గుమ్మడి, బీర, మందారము ఆకులు వాల్చుట చూచి తొందరపడరాదు. ఎండ తగ్గగానే అవి తమంత లేచును. ఉదయమున కూడ ఆకులు వాలియుండినచో అది నిజమైన దాహము.

పోయుట యెట్లు? కొంచెము కొంచెముగా పలుమారులు చిలుకరించుట చెడ్డ అలవాటు. పై అంగుళము తడిసి, క్రింద ఎండియుండును; వేళ్ళు తడికై పైకి వచ్చి ఎండకు మాడును. కుండీ మూతివద్ద అంగుళమైనను ఖాళీ ఉంచి, ఆ ఖాళీ నిండ నెమ్మదిగా పోయవలెను. పండ్రెండంగుళముల కుండీలో ఆ అంగుళము ఖాళీకే సుమారు లీటరుముప్పాతిక పట్టును. అడుగు రంధ్రమునుండి కొద్దిగ కారినదాక పోసి ఆపుడు. కొన్నిచోట్ల పోసిన వెంటనే నీరు జరజర కారిపోవును. ఇంటివారు కుండీ నిండినదని భ్రమపడుదురు. మట్టి, విశేషముగ కొబ్బరిపొట్టు, మితిమీరి ఎండినప్పుడు నీటిని పీల్చదు. గోడవెంట సందులోనుండి నీరు జారిపోవును. మధ్యనున్న వేళ్ళ ముద్ద పొడిగనే యుండును. అట్టి కుండీని అరగంటసేపు నీళ్ళ తొట్టిలో నిలిపి, అడుగునుండి పీల్చుకొననిచ్చి పైకి తీయవలెను. మిగిలిన నీటితో మరియొక కుండీని నానబెట్టవచ్చును.

నీరు పోయుటకు ఉదయము శ్రేష్ఠము. వేసవి సాయంకాలమున డాబామీది ప్లాస్టిక్ ట్యాంకు నీరును, ఎండలో పడియున్న రబ్బరు గొట్టములోని నీరును చేయి పెట్టలేనంత వేడిగా నుండును. ఆ నీటిని బకెట్టులో పట్టి చల్లారిన పిదప వాడవలెను. నల్లని ప్లాస్టిక్ సంచులలో నాటినవారు సంచికి ఎండ తగులకుండ గోనెపట్టా చుట్టుట మంచిది. మట్టికుండీ గోడలనుండి కూడ తడి ఆరును. నీరెక్కువ అడుగును గాని వేరును చల్లగా నుంచును, అతినీటి తప్పును కొంత క్షమించును. ప్లాస్టిక్ కుండీ తడిని నిలుపును గాని తప్పును క్షమించదు. కుండీలను విడివిడిగా గోడవెంట పేర్చుటకంటె ఒకచోట గుంపుగా జేర్చి, పైన ఎండుటాకులో, వేరుశనగ పొట్టో రెండంగుళములు పరచినచో నీరు ఎంతయో ఆదా యగును.

పెద్ద తొట్టెలు గలవారికి మిక్కిలి పాతదైన ఉపాయ మొకటి కలదు. రంగు వేయని మట్టిముంతను మెడవరకు తొట్టి మధ్య పాతి, నీటితో నింపి, మూకుడు మూయవలెను. ముంత గోడలనుండి తడి మెల్లగా ఊరి, మట్టి ఎండిన కొలదియు వేళ్ళకు అందును. క్రీస్తుకు పూర్వము 1 వ శతాబ్దమునందు చీనాదేశములో ఫాన్ షెంగ్-చీ వ్రాసిన వ్యవసాయ గ్రంథమునందే ఈ పద్ధతి వర్ణింపబడినది. నాలుగు దినములు ఊరికి పోవలసిన యింటివారికి ఇది బాగుగ నుపకరించును.

నీటి జాతియు చూడవలెను. బోరునీరు కాచిన పాత్రలో తెల్లని పొర కట్టుట మనమెరిగినదే. ఆ సున్నము, ఆ లవణములే కుండీ అంచున తెల్లని బూడిదవలె పేరును. నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును. నేలలోనైన వాన దానిని లోతునకు కడిగివేయును, కుండీలో కడుగువారు మనమే. నెలకొకమారు అడుగున నీరు ధారాళముగ కారునట్లు పోయుట అందులకే. నీటికి కరవైనచోట తొలకరి జల్లులకు కుండీలన్నిటిని ఆరుబయట నిలిపినచో ఆ కడుగుడు పని వానయే చేసిపెట్టును. ఇండ్లలోని నీటిశుద్ధి యంత్రము బయటికి వదలు నీటిలో లవణములు రెండింతలై యుండును. పారబోయుటకు మనసొప్పక దానిని నిత్యము మొక్కలకు పోయువారు క్రమముగా ఆకుల కొనలు మాడుట చూతురు. ఆ నీరు నేల కడుగుటకు వాడుట మంచిది. చల్లదనపు యంత్రమునుండి కారు నీటిలో లవణములు లేవు, నిస్సంశయముగ పోయవచ్చును. బియ్యము కడిగిన నీరు నీరుగా పనికివచ్చును; దానినే ఎరువని నమ్ముట మాత్రము అతిశయము.

ఎరువు మాటకు వచ్చునప్పుడు ఒక పాత పరీక్షను తలచుకొనవలెను. నేటి బెల్జియము ప్రాంతమునకు చెందిన వాన్ హెల్మాంట్ అను వైద్యుడు ఒక తొట్టిలో 200 పౌనుల ఎండిన మట్టి పోసి, 5 పౌనుల విల్లో మొక్కను నాటి, ఐదు సంవత్సరములు వాననీరు తప్ప మరేమియు ఈయలేదు. చివరకు చెట్టు 169 పౌనులు తూగినది. మట్టిని ఎండబెట్టి తూచగా తగ్గినది సుమారు 2 ఔన్సులు మాత్రమే. ఆయన మరణానంతరము 1648 లో ఈ వృత్తాంతము ప్రకటితమైనది. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తలచెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండి మొక్క తన దేహమును నిర్మించుకొనునని నాటికి తెలియదు. కాని ఆ రెండు ఔన్సులు, అనగా యాబది ఏడు గ్రాములు, మనకు కావలసిన పాఠము. అంత చెట్టు ఐదేండ్లలో మట్టినుండి తీసికొనినది గుప్పెడు మాత్రమే. ఆ గుప్పెడు లేక చెట్టు లేదు. అయినను అది గుప్పెడే.

మహబూబాబాదు ప్రాంతమున మిరప విరివిగా పండింతురు. పొలమునకు ఎరువు వేయుటలో ఆరితేరిన రైతు ఇంటికి వచ్చి, భార్య పెంచుకొను గులాబి సన్నగా నున్నదని బస్తాలో మిగిలిన యూరియాను ఒక గుప్పెడు తీసి మొదట చల్లుట కలదు. రెండు దినములలో గులాబి మాడిపోవును. లెక్క చూడుడు. ఎకరమునకు 45 కిలోల యూరియా బస్తా నొకదానిని చల్లినచో చదరపు మీటరునకు 11 గ్రాములు పడును. పండ్రెండంగుళముల కుండీ మూతికి ఆ లెక్కన వచ్చునది ఒక గ్రామైనను నిండదు. చెంచాలో ఐదవ వంతు. గుప్పెడు యాబది గ్రాములనుకొన్నచో, ఆ కుండీకి ఎకరమునకు అరువది బస్తాలకు పైగా వేసినట్లైనది! ఏ రైతైనను తన చేనికి అట్లు చేయునా?

మాడుటకు కారణము మన వంటయింటిలోనే కలదు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచినచో మరునాటికి ముక్కలనుండి నీరు ఊరి తేలును. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగినది. ఎండిన మట్టిలో రసాయనిక ఎరువు వేసినప్పుడు వేరునకును అదే గతి. కావున మొదట నీరు, పిదప ఎరువు. ఎరువు ఎప్పుడును తడి మట్టికే. పశువుల ఎరువు గుప్పెడు వేసినను ఈ ప్రమాదము లేకపోవుటకు కారణ మున్నది. అందులో నత్రజని నూటికి అర పాలు మాత్రమే. యూరియాలో నలుబది ఆరు పాళ్ళు. ఒక గ్రాము యూరియాలోని నత్రజనికి సుమారు తొంబది గ్రాముల పశువుల ఎరువు కావలెను. అదియు మెల్లమెల్లగా విడివడును. అయితే ఎరువు మాగినదై యుండవలెను. పచ్చి పేడ కుండీలో వేడి పుట్టించి వేరును చెరచును.

పండ్రెండంగుళముల కుండీకి నెలకొకమారు రెండు గుప్పెళ్ళ వానపాముల ఎరువో, మాగిన పశువుల ఎరువో, దానితో ఒక పెద్ద చెంచా వేపపిండియు కలిపి పైమట్టిని తిరగదోడినచో ఆకుమొక్కలకు, తులసికి, కరివేపాకుకు అంతకంటె అక్కరలేదు. పూచునవియు, కాచునవియు మరికొంత కోరును. వేరుశనగ పిండి యాబది గ్రాములు లీటరు నీటిలో మూడు నాలుగు దినములు నానబెట్టి, ఆ తేటను పదింతల నీటితో పలుచన చేసి, పక్షమునకొకమారు కుండీకి పావులీటరు పోయవచ్చును. వాసనకు ఇరుగుపొరుగు ఆక్షేపించినచో నీటిలో కరుగు 19-19-19 ఎరువును లీటరునకు రెండు గ్రాముల చొప్పున పక్షమున కొకమారు వాడవచ్చును. వేసవిలో దినమును నీరు పోయుటచే సారము అడుగునుండి కారిపోవుచుండును గనుక కుండీమొక్కకు కొంచెము కొంచెముగా తరచు ఈయుటయే పద్ధతి. ఏడాదికొకమారు పెద్ద మోతాదు వేయుట పొలపు అలవాటు, కుండీకి చెల్లదు. క్రొత్తగా కుండీ మార్చిన మొక్కకు నెల దినములవరకును, జబ్బుపడిన మొక్కకు కోలుకొనువరకును, మే నెల మండుటెండలలో పెరుగుదల ఆగిన మొక్కకును ఎరువు వలదు.

ఆకులు తమ లోపము తామే చెప్పుకొనును. క్రింది ముదురాకులు ముందుగ పాలిపోయినచో నత్రజని చాలలేదన్నమాట. ముదురాకులు పచ్చగా నుండి, క్రొత్త చిగుళ్ళు పసుపుపచ్చనై ఈనెలు మాత్రము ఆకుపచ్చగా మిగిలినచో అది ఇనుము లోపము. బోరునీరు పోయు కరివేపాకునందు ఇది మిక్కిలి సామాన్యము. ఇనుము మట్టిలో నున్నను సున్నము దానిని అందనీయదు. దీనికి మరింత ఎరువు వేసి లాభము లేదు. లీటరు నీటిలో ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కరగించి, సాయంకాలమున ఆకులపై చల్లుడు. వారము విడిచి మరల చల్లుడు. కట్టెల బూడిద పొటాషు నిచ్చును గాని దానిలోను సున్నము గుణము కలదు. పసుపుబారిన కరివేపాకునకు బూడిద వేయరాదు.

భూపాలపల్లివారికి బూడిదను గూర్చి మరియొక మాట చెప్పవలెను. అచ్చట సింగరేణి బొగ్గు గనులును, సమీపమున చెల్పూరు విద్యుత్కేంద్రమును కలవు. బొగ్గు బూడిద, కట్టెల బూడిద ఒకటి కావు. బొగ్గు బూడిదలో పొటాషు లాభము స్వల్పము, అక్కరలేని లోహములు ఉండవచ్చును; తినుటకు పెంచు కూరమొక్కలలో దానిని కలుపరాదు. ఆకులపై బొగ్గుధూళి పేరినచో వారమున కొకమారు నీటితో కడుగవలెను.

గోదావరి వైపునకు పోయినకొలది వాన హెచ్చును; జనగామలో ఎండకు వెరచు కుండీ భూపాలపల్లిలో వానకు వెరవవలెను. శ్రావణ భాద్రపదములలో రంధ్రములు మూసికొనిపోయినవేమో చూచుచు, కుండీలను ఇటుకలపై ఎత్తి నిలుపవలెను. క్రింద నుంచు పళ్ళెములను ఆ నెలలలో తీసివేయుటయే మేలు. పళ్ళెములో నిలిచిన తేటనీటిలోనే డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టును. వారమునకొకమారు నీరు పారబోసిన మాత్రమున చాలదు. గ్రుడ్లు పళ్ళెపు అంచులకు అంటియుండును గనుక తోమి ఎండబెట్టవలెను. జనగామ సమీపమున పెంబర్తి యిత్తడి పనికి ప్రసిద్ధి. ఆ యిత్తడి పాత్రలలో మొక్కలుంచి ముందుగదిని అలంకరించువారు పాత్రలో నేరుగా మట్టి పోయక, రంధ్రములు గల కుండీని అందులో దింపి, నీరు పోయునప్పుడు బయటికి తీసి, కారిన పిదప మరల ఉంచవలెను.

చలికాలమున నీరు తగ్గించుటకు చాలమంది వెనుదీయుదురు. మల్లె విషయమున తగ్గించుటయే సేవ. డిసెంబరు ప్రాంతమున పది పదునైదు దినములు నీటిని బాగుగ తగ్గించి, ఆకులు రాలనిచ్చి, కొమ్మలను మోకాలెత్తున కత్తిరించవలెను. ఆ తరువాత పైమట్టి రెండంగుళములు తీసి, ఆ చోట మాగిన ఎరువు నింపి, మరల కడుపునిండ నీరు పోయుడు. చిగురు వచ్చువరకు వ్రేలు చెప్పినప్పుడే నీరు. చిగురు వచ్చిన తరువాత పక్షమునకొకమారు పలుచని ఎరువు. మొగ్గ తొడిగినది మొదలు మట్టి ఎండనీయరాదు, ఎండినచో మొగ్గ రాలును. ఫాల్గుణము ముగియునప్పటికి మల్లె పూతకు వచ్చును.